మా వెనక గోడ కోసం హైదరాబాద్‌లో

శుక్రవారం, మూసీ పక్కన

దేవరకొండలో ఎక్కిన బస్సు మధ్యాహ్నానికి ఎంజీబీఎస్‌లో దింపింది. సంచిలో రెండు జతల బట్టలు, రెండు కవర్ల మట్టి. ఒక కవర్లో మా ఇంటి వెనక గోడ నుంచి రాలిన మట్టి, రెండో దాంట్లో చెరువు కింది పొలంలోని నల్లరేగడి.

ఇల్లు మా తాత కట్టింది. రెండడుగుల మందం మట్టిగోడలు, పైన గూన పెంకులు. మట్టిలో వరిగడ్డి కలిపి, నానబెట్టి, కాళ్ళతో తొక్కి, ముద్దలు ముద్దలుగా వరస మీద వరస పెట్టి లేపిన గోడలవి. కొన్నేళ్ళ కింద వెనకవైపు సిమెంటు పూత పూయించారు. ఇప్పుడు సరిగ్గా ఆ గోడే అడుగున ఉబ్బి, పెచ్చులూడి, లోపలి మట్టి పొడిపొడిగా రాలుతోంది. కూలగొట్టి స్లాబు వేద్దామని అన్న అంటాడు. అమ్మ ససేమిరా అంటుంది. మే నెలలో కూడా ఆ ఇంట్లో మధ్యాహ్నం కునుకు పడుతుందని ఆమె చెప్పేది నిజమే, నాకూ అనుభవమే. గోడను బాగుచేసే దారి ఉందా, అదే గడ్డి మట్టితో చేయొచ్చా అన్నది తేల్చుకుందామని బయల్దేరాను. మట్టి సంగతి తెలుసుకోవడానికి హైదరాబాద్ పోవడమేంటని ఊళ్ళో అడిగారు. మా దగ్గర గోడలు పెట్టిన ముసలివాళ్ళు దాదాపు వెళ్ళిపోయారు. రోజూ మట్టిలో చేతులు పెట్టే మనుషులు ఇప్పుడు పట్నంలోనే ఎక్కువున్నారు.

బస్టాండు నుంచి వంతెన దాటి అఫ్జల్‌గంజ్ వైపు నడిచాను. ఆషాఢం వాన సన్నగా పడుతోంది, కింద మూసీ నల్లగా పారుతోంది. 1908 సెప్టెంబరు 28న ఈ నది నగరం మీద పడింది. దాదాపు 15 వేలమంది పోయారని, వేల ఇళ్ళు కూలాయని చరిత్రలో రాశారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారంటారు. ఆ చెట్టు చూడకుండా ముందుకు పోబుద్ధి కాలేదు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన సలహాల మీదే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. మట్టిగోడ గురించి ఆలోచించేవాళ్ళు ఈ వంతెన మీద కాసేపు నిలబడాలి. కాల్చని మట్టి నిలవ నీళ్ళలో ఉండలేదు. ఎంత గడ్డి కలిపినా, ఎంత మందంగా కట్టినా అడుగున నీళ్ళు నిలిస్తే మట్టి మళ్ళీ బురదే అవుతుంది. మట్టి ఇల్లు గొప్పదని చెప్పేవాళ్ళు ఈ మాట ముందు చెప్పాలి.

సాయంత్రం గది తీసుకుని రెండు ఖాళీ నీళ్ళ సీసాలు సంపాదించాను. ఒక్కోదాంట్లో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు. మూతపెట్టి బాగా ఊపి కిటికీ గట్టు మీద పెట్టాను. ఇసుక నిమిషాల్లోనే అడుగుకు దిగింది. బంకమన్ను దిగడానికి మాత్రం రాత్రంతా పట్టింది.

శనివారం, గోల్కొండ, సమాధులు

పొద్దున లేవగానే సీసాలు చూశాను. మా గోడ మట్టి సీసాలో పొరలు స్పష్టంగా ఏర్పడ్డాయి. అడుగున గరుకు ఇసుక, దానిపైన సన్న ఒండ్రు, అన్నిటికన్నా పైన నున్నటి బంకమన్ను. బంకమన్ను మొత్తంలో నాలుగో వంతు దాకా ఉంది. గడ్డిమట్టి గోడకు అటూఇటూ ఇదే పాళ్ళు కావాలి. తాత దగ్గర కొలసీసాలు లేవు, వేళ్ళ మధ్య నలిపి చూసి ఎంచుకున్న మట్టి ఇది. రేగడి సీసాలో మటుకు సగానికి పైగా బంకే, నీళ్ళు అప్పటికీ మురికిగానే ఉన్నాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పత్తికి ఎంత మంచిదో గోడకు అంత చెడ్డది.

గోల్కొండలో ఆదివారం, గురువారం బోనాల జనం ఉంటారని శనివారమే వెళ్ళాను. ఇప్పుడు మనం చూసే నల్లరాతి గోడలు కుతుబ్‌షాహీల కాలంలో లేచాయి. అంతకు ముందు కాకతీయుల ఏలుబడిలో ఇక్కడున్నది మట్టికోట. కాకతీయుల తర్వాత ఓరుగల్లు ఏలిన ముసునూరి కాపయనాయకుడు 1364లో దాన్ని బహమనీ సుల్తానులకు వదులుకోవాల్సి వచ్చింది. ఆ మట్టి గోడ ఆనవాలు పైకేమీ కనిపించదు. మట్టికోట అంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఓరుగల్లు పోవాలి. అక్కడ రాతికోట చుట్టూ మట్టికట్ట ఇప్పటికీ ఉంది.

నాకు పనికొచ్చిన సంగతి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర దొరికింది. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళు ఇక్కడ మరమ్మతులు చేశారు. ఆ పనిలో పెద్ద భాగం వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఊడదీసి, మళ్ళీ సున్నం పూయడమే. డంగు సున్నంలో బెల్లం, మారేడు గుజ్జు వంటివి కలపడం పాత పద్ధతి. సున్నం పూతకు గాలి ఆడుతుంది. గోడలోకి ఎక్కిన చెమ్మ దానిగుండా మెల్లగా బయటికి ఆరిపోతుంది. సిమెంటు అలా ఆరనివ్వదు.

అక్కడ నీడన కూర్చున్నప్పుడు మా గోడ రోగమేంటో నాకు పూర్తిగా అర్థమైంది. నేలలోంచి చెమ్మ రోజూ కొంత పైకి పాకుతుంది. ఇదివరకు పేడమట్టితో అలికిన గోడ దాన్ని బయటికి వదిలేసేది. సిమెంటు పూత పడ్డాక ఆ చెమ్మ పూత వెనకే నిలిచిపోయింది. మట్టి మెత్తబడి జారింది. పూత గట్టిది, మట్టి తడికి, ఎండకు సాగి ముడుచుకునేది, రెంటికీ పొత్తు కుదరదు. అందుకే పూత పలకలు పలకలుగా ఊడొస్తోంది. గోడ పాతబడి పాడైందని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాం. కొత్తగా పూసిన పూతే దాన్ని తినేసింది.

ఆదివారం, ధూల్‌పేట్, ఖైరతాబాద్

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన రోజిది.

వినాయకచవితికి ఇంకా సమయముంది కానీ ధూల్‌పేట్ సందుల్లో తాటిపత్రి పందిళ్ళ కింద పని జోరుగా సాగుతోంది. ఇక్కడ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలే ఎక్కువ. అడుగుతూ పోతే బెంగాల్ నుంచి వచ్చిన పనివాళ్ళు మట్టి వినాయకులు చేస్తున్న ఒక షెడ్డు దొరికింది. పెద్ద పనివాడిది నదియా జిల్లా. నా హిందీ అంతంతమాత్రం, ఆయన తెలుగు ఇంకా తక్కువ, కానీ చేతుల్లో మట్టి ఉంటే మాటలు పెద్దగా అక్కర్లేదు. దాదా అని పిలిచి, మా గోడ ఫోటో చూపించి, ఎందుకొచ్చానో చెప్పాను. పక్కన స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

ముందు వెదురు కర్రలు. వాటి మీద వరిగడ్డి కట్టలు చుట్టి సుతిలి తాడుతో బిగించి పొట్ట, తొడలు, చేతులు ఆకారానికి తెస్తారు. మట్టి పడకముందే అది వినాయకుడని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. దాని మీద మొదటి పూతకు ఊక కలిపిన జిగురు మట్టి. రెండో పూతకు ఇంకా మెత్తని మట్టి, అందులో అంగుళం పొడవుకు కత్తిరించిన జనపనార. నారను ఊరికే మట్టిలో వేసి కలపరు. పోగులు విడదీసి, చల్లి, మడమతో తొక్కి, మడిచి మళ్ళీ తొక్కుతారు. కలిసిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే ఆయన నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతులతో మెల్లగా విడదీశాడు. ముద్ద పుటుక్కున తెగలేదు. మధ్యలో పోగులు సాగి, రెండు ముక్కలనూ పట్టుకుని కాసేపు వేలాడాయి. నార ఒకచోట గుత్తిగా కనబడినా, ఒకచోట అసలు లేకపోయినా ఇంకా తొక్కాలి.

నార లేకుండా ఏమవుతుందని అడిగాను. మూలనున్న చెక్క మీంచి ఎండిన రెండు బిళ్ళలు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు, కొత్త కుర్రాళ్ళకు పని నేర్పడానికి చేసినవట. ఒకటి వట్టి మట్టిది. నడుమ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే పగులు, గోరు దిగేంత వెడల్పు. ముట్టుకోగానే రెండైంది. రెండోది నార కలిపినది. దగ్గర పెట్టుకుని చూస్తే వెంట్రుకల్లాంటి సన్న గీతలు బోలెడున్నాయి కానీ ఒక్కటీ లోతుకు పోలేదు. విరిచినా పోగులు పట్టుకునే ఉన్నాయి.

బంకమన్ను ఎండుతూ ముడుచుకుంటుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. ముడుచుకునే బలమంతా ఒకచోట చేరితే పెద్ద పగులు వస్తుంది. నార ఉంటే ఆ బలం వంద చోట్లకు పంచుకుపోతుంది. లాగే బలానికి మట్టి ఆగదు, గడ్డి ఆగుతుంది. మోసే బరువు మట్టి మోస్తుంది. తాత గోడలో వరిగడ్డి చేస్తున్న పని కూడా ఇదే. పొడిగా ఉన్నంతకాలం మట్టిలోపలి గడ్డి కుళ్ళదు. మా గోడ రాలిన చోట బయటపడ్డ గడ్డిపోచ పసుపు రంగు పోకుండా ఉండడం నేను చూశాను.

ఒక విగ్రహం మోచేతి దగ్గర పగులుంది. దాదా పాత నూలు గుడ్డను సన్నగా చించి, పల్చటి మట్టినీళ్ళలో ముంచి, పగులు మీద పరిచి, బొటనవేలితో అంచులు నొక్కి, తడి కుంచెతో రాశాడు. అతుకు ఎక్కడో కనిపించలేదు. మా గోడకూ ఇలా చేయొచ్చా అన్నాను. ఆయన మళ్ళీ ఫోటో పెద్దది చేసి చూసి, పైనున్న సన్న పగుళ్ళకు చేయొచ్చు, అడుగున ఉబ్బిన దానికి కుదరదు, అది తీసేసి కొత్తగా పెట్టాల్సిందే అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. పాత మట్టి ఎండుగా ఉండగా తడి మట్టి పెడితే పట్టదు, ముందు పాతదాన్ని గీరి, నీళ్ళు చల్లి, జిగురు మట్టి రాసి, ఆ తడి మీదే కొత్త ముద్ద కొట్టాలి. ఆయన గోడ ఎప్పుడూ కట్టి ఉండడు. అయినా మా ఊరి మేస్త్రీలు చెప్పని సంగతి చెప్పాడు.

మధ్యాహ్నం తర్వాత ఖైరతాబాద్. 1954లో అడుగు వినాయక విగ్రహంతో ఉత్సవం మొదలైన చోటు ఇది. చాలా ఏళ్ళు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసి, 2022లో మట్టికి మారారు. ఆ ఏడాది విగ్రహం ఎత్తు 50 అడుగులు, 2024లో 70 అడుగులు. నిర్జల ఏకాదశి నాడు కర్రపూజ చేసి పని మొదలుపెడతారు. నేను వెళ్ళేసరికి ఇనుప చట్రం పైదాకా లేచి ఉంది, కింది భాగంలో మట్టి పని నడుస్తోంది. దూరం నుంచే చూడనిచ్చారు. ఇంత ఎత్తున కూడా గడ్డి, ఊక, మట్టి అన్న సూత్రమే. తేడా ఒక్కటే, ఈ విగ్రహాన్ని చివరికి హుస్సేన్‌సాగర్‌లో కరిగించడానికే చేస్తారు. గోడను కరగనివ్వకూడదు. మట్టి కలపడం ఈ షెడ్లలో నేర్చుకోవచ్చు కానీ నీళ్ళ నుంచి కాపాడడం ఇంకోచోట నేర్చుకోవాలి.

సోమవారం, రాజేంద్రనగర్

అఫ్జల్‌గంజ్‌లో సిటీ బస్సెక్కి రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థకు పోయాను. అందులో రూరల్ టెక్నాలజీ పార్క్ ఉంది. రకరకాల పద్ధతుల్లో కట్టిన నమూనా ఇళ్ళను అక్కడ వరసగా చూడొచ్చు. రాత్రంతా వాన పడింది కాబట్టి నేను వెళ్ళిన వేళ మంచిది. ఏ గోడ తడిసింది, ఏది తడవలేదు అన్నది కళ్ళకు కట్టినట్టు తెలిసింది. చూరు బాగా బయటికి వచ్చిన చోట గోడ పొడిగా ఉంది. అడుగున రాతి కట్టు మోకాలెత్తు ఉన్న చోట చిందిన బురద రాయి మీదే ఆగిపోయింది.

ఇటుకలు చేసే మిషన్ దగ్గర పనిచేసే ఒకాయన నా కవర్లు చూసి నవ్వి, ఇటివ్వండి సార్ అని తీసుకున్నారు. గోడ మట్టిలో నీళ్ళు కలిపి వేలు మందం కడ్డీలా పాముతూ, బల్ల అంచు మీంచి మెల్లగా బయటికి తోశారు. జానెడులో సగం దాటాక తెగింది. బాగుంది, ఇదే వాడుకోండి అన్నారు. రేగడి కడ్డీ జానెడు దాటినా తెగలేదు. ఇది ముట్టుకోవద్దు, తప్పదనుకుంటే ఇసుక బాగా కలపాలి అన్నారు.

మిషన్‌లో నొక్కి చేసే మట్టి ఇటుకల్లో కొద్దిగా సిమెంటు కలుపుతారు. ఆవం కాల్చకుండానే గట్టి ఇటుక వస్తుంది. వీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 1725 ఉంది. కొత్త ఇల్లు కట్టేవాళ్ళకు ఇది మంచి దారి, బ్యాంకువాళ్ళకూ ఇంజనీర్లకూ చెప్పుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. మా గోడకు మాత్రం నాకు ఇది వద్దనిపించింది. పాత పచ్చిమట్టి పక్కన గట్టి ఇటుక పెడితే సిమెంటు పూత కథే మళ్ళీ మొదలవుతుంది. ఆయన కూడా అదే అన్నారు, గోడ ఏ మట్టిదో అతుకూ ఆ మట్టిదే కావాలని.

భూకంపం మాట నేనే ఎత్తాను. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూర్ దగ్గర కిల్లారిలో భూమి కంపించి వేలమంది చనిపోయారు. మట్టితో పేర్చిన గుండురాళ్ళ గోడలు, పైన బరువైన మట్టికప్పులు జనం మీద పడ్డాయి. ఆ రోజు హైదరాబాద్‌లోనూ కదలిక తెలిసింది. కాల్చని మట్టి ఇళ్ళకు ఐఎస్ 13827 అని 1993లోనే వచ్చిన మార్గదర్శకాలున్నాయి. గోడ ఎత్తు దాని మందానికి ఎనిమిది రెట్లు దాటకూడదు, కిటికీ, తలుపు ఖాళీ వెడల్పు 1.2 మీటర్లకు మించకూడదు. మాది రెండడుగుల మందం, తొమ్మిదడుగుల ఎత్తు. ఈ లెక్క విన్నాక పెద్ద టెన్షన్ తీరింది.

రాత్రి అన్నకు ఫోన్ చేశాను.

“ఏమైంది తమ్మీ, తేలిందా?”

“తేలింది అన్నా. గోడ మంచిదే. సిమెంటు మొత్తం గీకెయ్యాలె. కింద ఉబ్బినకాడ తీసేసి గడ్డిమట్టి పెట్టాలె. వెనక కాలువ తవ్వి చూరు నీళ్ళు దూరం పంపాలె. చూరు ఇంకో అడుగు బయటికి రావాలె.”

“గోడ మీద పడదు గదా?”

“ఒక్కసారే తియ్యం. మూరెడు మూరెడు తీసి నింపుకుంట పోతం. పైన వాసాలకు దన్ను పెడతం.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “వానలు పోయినంక చూద్దాం. వానాకాలం వరి కోసినప్పుడు గడ్డి పక్కన పెట్టిస్త” అన్నాడు. అన్న నోటి నుంచి ఆ మాట రావడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

మంగళవారం, బార్కస్

బార్కస్ నా జాబితాలో లేదు. గదిలో పక్క మంచం అతను బార్కస్ ఉన్న చాంద్రాయణగుట్ట వాడు, మట్టి ఇళ్ళంటే మా బస్తీ పెద్దవాళ్ళను అడగాలన్నాడు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఇక్కడుంటుంది. వీధుల్లో లుంగీలు, మండి హోటళ్ళు, జామకాయల బండ్లు.

చాయ్ హోటల్లో ఒక పెద్దాయన కలిశారు. చాచా అని పలకరించాను. వాళ్ళ పూర్వీకులది హద్రమౌత్ లోయలో సెయూన్ దగ్గరి ఊరు, వయసులో ఉండగా ఒకసారి వెళ్ళొచ్చారు. ఆ లోయలోనే షిబామ్ ఉంది. 16వ శతాబ్దం నాటి నుంచి కట్టుకుంటూ వచ్చిన అంతస్తుల మేడలు, ఏడు అంతస్తుల దాకా లేచినవి, అన్నీ పచ్చి మట్టి ఇటుకలే. మట్టిలో గడ్డి కలిపి, అచ్చు తీసి, ఎండలో ఆరబెట్టిన ఇటుకలు. అడుగు అంతస్తులో గోడ చాలా మందం, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. మిద్దెల మీద, గోడల పై భాగాన సున్నం. 1982లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫోన్‌లో ఫోటోలు చూపిస్తూ చాచా ఒక్కో మేడ మీద వేలు పెట్టి ఆపారు, ఇక్కడ కొత్త పూత, ఇక్కడ పూత పోయింది, చూడు అని.

అంత వానలేని ఎడారిలో కూడా 2008లో వరదొచ్చి ఆ ఊరు దెబ్బతింది. యుద్ధం మొదలయ్యాక 2015లో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల్లో చేరింది. అంతకు ముందు అక్కడి ఇళ్ళ మరమ్మతుకు జరిగిన పనికి 2007లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. గోల్కొండ దగ్గర సున్నం పని చేయించిన సంస్థ పేరు ఇక్కడ మళ్ళీ వినిపించింది.

“మీ ఊళ్ళో పూత ఎవరు పూస్తారు?” అని అడిగారు చాచా. మా చిన్నప్పుడు పండగ ముందు ఆడవాళ్ళు ఎర్రమట్టి, పేడ కలిపి అలికేవాళ్ళని చెప్పాను. ఇప్పుడు ఎవరు అని మళ్ళీ అడిగారు. గోడ ఒకసారి కడితే చాలు, పూత ఏటేటా కావాలి, ఆ పని తెలిసిన చేతులు లేకపోతే ఎంత మంచి మట్టి అయినా నిలవదని ఆయన గట్టిగా చెప్పారు. దీనికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. బస్సులో కూర్చుని ఆలోచించాను. మా పెద్దవ్వకు ఇప్పటికీ అలకడం వచ్చు, కూర్చుని చెప్పగలదు. దసరా సెలవుల్లో మా ఇంటి పిల్లలను, మగపిల్లలతో సహా, ఆమె దగ్గర పనికి పెట్టాలని అన్నతో మాట్లాడుకున్నాం.

ఎవరైనా ఇదే పనిమీద వెళ్ళేటట్టయితే కొన్ని మాటలు. రాజేంద్రనగర్ పార్కుకు పనిదినాల్లో, పొద్దున పూట వెళ్ళండి. ధూల్‌పేట్ షెడ్లకు చవితికి నెల, నెలన్నర ముందు పోతే తీరిగ్గా చూపిస్తారు, చవితి వారంలో ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. మీ మట్టి కిలోకు తగ్గకుండా వెంట తీసుకెళ్ళండి. తవ్వేటప్పుడు పైన జానెడు మట్టి పక్కకు తోసి దాని కిందిది తీయండి, పైమట్టిలో వేర్లు, ఎరువు ఉంటాయి కాబట్టి అది గోడకు పనికిరాదు.